రాస్ప్‌బెర్రీ పై బోర్డుకి పెట్టిన బటన్ పలకడం లేదా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

కాకినాడలో మా నాన్నమ్మ మంచం పక్కన ఒక బటన్ పెట్టాను. రాత్రి మంచినీళ్లు కావాలన్నా, లేవడానికి చేయి ఆసరా కావాలన్నా ఆవిడ అది నొక్కితే చాలు, ముందుగదిలో బెల్ మోగాలి. వెనకాల పనంతా రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు చూసుకుంటుంది. ఉన్నవి ఒక బటన్, రెండు వైర్లు, పది పన్నెండు లైన్ల పైథాన్ ప్రోగ్రాం. ఇంత చిన్న పని నమ్మకంగా నడవడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది. మొదటి వారం బటన్ నొక్కగానే బోర్డే ఆగిపోయింది. రెండో వారం ఎంత నొక్కినా ఏమీ కాలేదు. మూడో వారం ఎవరూ నొక్కకుండానే అర్ధరాత్రి బెల్ మోగి ఇల్లంతా లేచి కూర్చుంది.

ఈ మూడూ వేర్వేరు తప్పులు. మూడుసార్లూ నేను ముందు చేసింది ఒకటే: ప్రోగ్రాం తెరిచి లైన్లు మార్చడం. మూడుసార్లూ తప్పు మొదలైంది వైర్ల దగ్గరే. అందుకే మీకు మొదటే ఒక మాట చెబుతున్నాను. బటన్ నొక్కినప్పుడు పిన్ను దగ్గర సిగ్నల్ మారుతోందని మీ కంటితో చూసేదాకా ప్రోగ్రాం జోలికి వెళ్లకండి. వెతకడం వైరు దగ్గర మొదలుపెట్టి ప్రోగ్రాం వైపు రండి.

మొదలుపెట్టే ముందు

మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఒకటి, రెండు మూడు కొత్త జంపర్ వైర్లు, 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు కొన్ని, 1 కిలో ఓమ్‌వి కొన్ని దగ్గర పెట్టుకోండి. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో ఇవన్నీ ఒక్క చుట్టులో దొరుకుతాయి.

వైర్లు మార్చే ప్రతిసారీ బోర్డుని షట్‌డౌన్ చేసి పవర్ తీసేయండి. విసుగు పుట్టించే పనే, కానీ ఒక్కసారి వైరు జారి పక్క పిన్నుకి తగిలితే చాలు, బోర్డుకే ప్రమాదం. రాస్ప్‌బెర్రీ పై జీపీఐఓ పిన్నులు, అంటే బయటి బటన్లు, లైట్లు లాంటివి తగిలించే సిగ్నల్ పిన్నులు, 3.3 వోల్టులకి చేసినవి. 5 వోల్టులు తగిలితే తట్టుకోలేవు. బయటి వరుసలో, అంటే బోర్డు అంచు వైపు వరుసలో, మొదటి రెండు పిన్నులూ 5 వోల్టులవే. బటన్ పనికి వాటితో అవసరం లేదు, అటు వైపు వైరే వెళ్లనివ్వకండి.

బటన్ చేస్తున్న తప్పు ఏ రకమో చూడండి

"పనిచేయడం లేదు" అంటే సరిపోదు. ఎలా పనిచేయడం లేదో చెప్పగలిగితే సగం వెతుకులాట తగ్గిపోతుంది.

నొక్కగానే బోర్డు ఆగిపోయినా, రీస్టార్ట్ అయినా బటన్ పవర్ పిన్నునీ గ్రౌండునీ షార్ట్ చేస్తోందని అర్థం. వెంటనే పవర్ తీసేయండి, మళ్లీ నొక్కి చూడకండి. నొక్కకపోయినా ఎప్పుడూ నొక్కినట్టే చూపిస్తుంటే బటన్ కాళ్లు తప్పుగా పెట్టి ఉంటారు, లేదా పుల్ అప్, పుల్ డౌన్ (ఇవేమిటో 5వ మెట్టులో చెబుతాను) తారుమారై ఉంటాయి. దానంతట అదే అప్పుడప్పుడు నొక్కుకుంటుంటే పిన్ను గాలిలో వేలాడుతోంది, లేదా పొడవైన వైరు చుట్టుపక్కల కరెంటు గోలని లాగుతోంది. ఒక్కసారి నొక్కితే మూడు నాలుగు సార్లు లెక్కపడుతుంటే అది బౌన్స్. అసలు చలనమే లేకపోతే మాత్రం కారణం ఎక్కడైనా ఉండొచ్చు. కింద చెప్పిన వరుసలో వెళ్లండి.

1. పిన్ను నంబరు సరిచూడండి

ఎక్కువ మంది పడే గొయ్యి ఇదే, మొదటి ఆదివారం నేను పడిందీ ఇందులోనే. ఈ బోర్డులో ప్రతి పిన్నుకీ రెండు నంబర్లు ఉంటాయి. ఒకటి హెడర్‌లో, అంటే రెండు వరుసల పిన్నుల పట్టీలో, అది నిలబడ్డ స్థానం, 1 నుంచి 40 దాకా. రెండోది చిప్పు ఆ పిన్నుని పిలిచే జీపీఐఓ నంబరు. ఈ రెండింటికీ పొంతన ఉండదు. జీపీఐఓ 17 ఉండేది 11వ స్థానంలో. 17వ స్థానంలో ఉన్నది జీపీఐఓ కాదు, 3.3 వోల్టుల పవర్.

నేను ప్రోగ్రాంలో 17 అని రాసి, బోర్డు మీద కూడా ఒకటి రెండు అని లెక్కపెట్టుకుంటూ 17వ పిన్నుకే వైరు పెట్టాను. బటన్ రెండో కాలు గ్రౌండుకి. అంటే నొక్కిన ప్రతిసారీ 3.3 వోల్టుల లైనుని నేరుగా గ్రౌండుకి కలిపానన్నమాట. బోర్డు ఆగిపోకుండా ఎలా ఉంటుంది? మా బోర్డు బతికి బయటపడింది, అన్నీ అలా బయటపడతాయన్న నమ్మకం లేదు.

లెక్క ఇలా పెట్టండి. మోడల్ బీ బోర్డుని యూఎస్‌బీ సాకెట్లు మీకు కుడి పక్కకి, 40 పిన్నుల హెడర్ పైఅంచున ఉండేలా పట్టుకోండి. ఎడమ చివర, లోపలి వరుసలో ఉన్నది 1వ పిన్ను. దాని పైన, బోర్డు అంచు వైపు ఉన్నది 2వది. లోపలి వరుసలో అన్నీ బేసి సంఖ్యలు, బయటి వరుసలో అన్నీ సరి సంఖ్యలు. లోపలి వరుసలో ఎడమ నుంచి ఐదోది గ్రౌండ్, అంటే 9వ పిన్ను. దాని పక్కనే ఆరోది జీపీఐఓ 17, అంటే 11వ పిన్ను. ఈ రెండూ పక్కపక్కనే ఉండటం మనకి కలిసొచ్చే విషయం. పరీక్షలన్నీ ఈ జంట మీదే చేద్దాం.

బోర్డులోనే పటం కూడా ఉంది. టెర్మినల్ తెరిచి "పిన్‌అవుట్" అనే ఇంగ్లిష్ మాటని చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చేయండి. మీ చేతిలో ఉన్న మోడల్ బొమ్మ, ప్రతి పిన్ను పేరూ స్క్రీన్ మీద వస్తాయి. ఎక్కడినుంచో తెచ్చుకున్న పటం కన్నా ఇది నయం, ఎందుకంటే మీ బోర్డు గురించే చెబుతుంది. 2012లో వచ్చిన తొలి బోర్డులకి 26 పిన్నులే ఉండేవి. 2014లో బీ ప్లస్ వచ్చినప్పటి నుంచి 40 అయ్యాయి.

ప్రోగ్రాంలో ఏ లెక్క వాడుతున్నారో కూడా చూడండి. పైథాన్‌లో పిన్నుల్ని నడిపే జీపీఐఓజీరో లైబ్రరీలో మామూలుగా 17 అని రాస్తే అది జీపీఐఓ 17 అనే అర్థం. పాత ఆర్‌పీఐ జీపీఐఓ లైబ్రరీలో మాత్రం మోడ్ మీరే చెప్పాలి. బోర్డ్ అంటే స్థానం నంబరు, బీసీఎం అంటే జీపీఐఓ నంబరు. ఒకరి ప్రోగ్రాంలోంచి కొంత, ఇంకొకరి ప్రోగ్రాంలోంచి కొంత తెచ్చి అతికిస్తే ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి.

2. బటన్ తీసేసి వైరుతో పరీక్షించండి

మొత్తం పద్ధతిలో నాకు బాగా ఇష్టమైన మెట్టు ఇదే. సమస్యని ఇక్కడ రెండు ముక్కలు చేస్తాం.

ముందు మీ ప్రోగ్రాంని పూర్తిగా ఆపండి. బోర్డు ఆపి బటన్, బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా వైర్లు గుచ్చే రంధ్రాల పలక), మిగతా వైర్లు అన్నీ తీసేయండి. రెండు వైపులా ఆడ మొన ఉన్న జంపర్ వైరు ఒకటి తీసుకుని ఒక కొస జీపీఐఓ 17కి, అంటే 11వ పిన్నుకి పెట్టండి. రెండో కొస గాలిలో ఉంచి, దేనికీ తగలకుండా చూసుకుని బోర్డు ఆన్ చేయండి.

ఇప్పుడు టెర్మినల్‌లో ఒక కమాండు వాడాలి. దాని పేరు పిన్ అనే మాట, వెంటనే సీ, టీ, ఆర్, ఎల్ అక్షరాలు, అన్నీ కలిపి చిన్న అక్షరాల్లో. ఇక్కడ దాన్ని పిన్‌కంట్రోల్ అంటాను. పిన్‌కంట్రోల్ తర్వాత ఖాళీ ఇచ్చి సెట్, 17, ఐపీ, పీయూ అని మధ్య మధ్య ఖాళీలతో ఇంగ్లిష్‌లో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. జీపీఐఓ 17ని ఇన్‌పుట్‌గా పెట్టి, దానికి లోపలి పుల్ అప్ తగిలించమని అర్థం. తర్వాత పిన్‌కంట్రోల్, గెట్, 17 అని అడగండి. వచ్చే లైనులో ఐపీ, పీయూ, వాటి తర్వాత హెచ్ఐ అని కనిపించాలి. పిన్ను హైలో ఉందన్నమాట.

ఇప్పుడు వైరు రెండో కొసని 9వ పిన్నుకి, అంటే గ్రౌండుకి పెట్టి మళ్లీ గెట్ అని అడగండి. ఈసారి హెచ్ఐ బదులు ఎల్ఓ అని రావాలి. తీసేస్తే మళ్లీ హెచ్ఐ. గెట్ స్థానంలో పోల్ అని ఇస్తే సిగ్నల్ మారిన ప్రతిసారీ అదే ఒక లైను చూపిస్తుంది, మాటిమాటికీ అడగక్కర్లేదు. పవర్ ఉండగా వైరు ముట్టుకునేది ఈ పరీక్ష ఒక్కదానికే. చేయి నిదానంగా కదపండి, కొస వేరే పిన్నుల మీదికి జారకుండా చూడండి.

మారిందా? అయితే మీ బోర్డు బాగుంది, పిన్ను బాగుంది. తప్పు బటన్‌లోనో, బ్రెడ్‌బోర్డులోనో, వైర్లలోనో ఉంది. 3, 4 మెట్లు చూడండి. అవి సరైపోయాక కూడా బెల్ మోగకపోతే అప్పుడు ప్రోగ్రాం. మారలేదా? ఇంకో వైరుతో, జీపీఐఓ 27తో (13వ పిన్ను) ఇదే పరీక్ష చేయండి. అక్కడ మారితే మొదటి పిన్ను పాడైందని అనుకోవచ్చు. ఒక్క పిన్ను పోయినంత మాత్రాన బోర్డు పారేయక్కర్లేదు, వేరే పిన్నుకి మారిపోండి.

జీరో బోర్డు వాడేవాళ్లకి ఒక హెచ్చరిక. జీరో, జీరో 2 డబ్ల్యూ బోర్డులు మామూలుగా హెడర్ పిన్నులు లేకుండా వస్తాయి. హెడర్‌ని రంధ్రాల్లో దూర్చి వదిలేస్తే గట్టిగా కూర్చున్నట్టే కనిపిస్తుంది, కానీ కాంటాక్టు ఉండదు. వేలితో నొక్కితే పనిచేస్తుంది, వదిలితే ఆగిపోతుంది. టంకం పెట్టించండి, వేరే దారి లేదు.

3. నాలుగు కాళ్ల బటన్ గుట్టు

కిట్లలో వచ్చే చిన్న చదరపు బటన్‌కి నాలుగు కాళ్లుంటాయి, కానీ అందులో ఉన్నది రెండు కొసల స్విచ్చే. నాలుగు కాళ్లు లోపల రెండు జంటలుగా ఎప్పుడూ కలిసే ఉంటాయి. మీరు రెండు వైర్లనీ ఒకే జంటకి పెట్టారనుకోండి, నొక్కినా నొక్కకపోయినా ఒకటే, బోర్డుకి ఎప్పుడూ నొక్కినట్టే కనిపిస్తుంది.

బ్రెడ్‌బోర్డు నడుమ ఉండే గాడి మీద బటన్ అటూ ఇటూ కాళ్లు వేసేలా పెడితే, గాడికి ఎదురెదురుగా ఉన్న కాళ్లు ఒక జంట. గాడికి ఒకే వైపున్న రెండు కాళ్ల మధ్య స్విచ్ ఉంటుంది. ఇది గుర్తుపెట్టుకోవడం కష్టమనిపిస్తే సులువైన ఉపాయం ఉంది: ఎప్పుడూ మూలకి మూల ఉన్న కాళ్లే వాడండి. పై ఎడమ, కింద కుడి. బటన్‌ని ఎటు తిప్పి పెట్టినా ఈ రెండింటి మధ్య స్విచ్ ఉండి తీరుతుంది.

అనుమానం తీరకపోతే బటన్‌ని బయటికి తీసి మల్టీమీటర్‌ని కంటిన్యూటీలో, అంటే రెండు మొనల మధ్య దారి కలిసి ఉంటే బీప్ చేసే సెట్టింగులో పెట్టండి. మూలకి మూల కాళ్లకి మొనలు ఆనించి నొక్కితే బీప్ రావాలి, వదిలితే ఆగాలి. నొక్కినప్పుడు బీప్ తెగి తెగి వస్తుంటే లోపలి రేకు మాసింది. మా వైపు సముద్రపు గాలికి ఇలాంటి బటన్లు త్వరగా పాడవుతాయి. బాగుచేసే ప్రయత్నం వద్దు, కొత్తది పెట్టేయండి.

డబ్బాకి బిగించే పెద్ద బటన్లు వేరు. వాటి వెనక మూడు కొసలుంటే ఒకటి కామన్, ఒకటి ఎన్ఓ (నొక్కితే కలిసేది), ఒకటి ఎన్‌సీ (మామూలుగా కలిసే ఉండేది). కామన్‌కీ ఎన్ఓకీ వైర్లు పెట్టాలి. పొరపాటున ఎన్‌సీకి పెడితే వదిలినప్పుడు కలిసి, నొక్కినప్పుడు విడిపోతుంది.

4. బ్రెడ్‌బోర్డు, జంపర్ వైర్లు

పొడవైన బ్రెడ్‌బోర్డులు కొన్నింటిలో అంచున ఉండే పవర్ పట్టాలు నడిమధ్యలో తెగి ఉంటాయి. ఎర్ర గీత, నీలం గీత మధ్యలో ఆగి మళ్లీ మొదలైతే అదే గుర్తు. ఒక చివర గ్రౌండ్ ఇచ్చి ఇంకో చివర బటన్ పెడితే వలయం పూర్తి కాదు. మీటర్‌తో ఆ కొస నుంచి ఈ కొసకి ఒకసారి బీప్ చూడండి.

జంపర్ వైర్లు పైకి బాగానే ఉండి లోపల మొన దగ్గర తెగిపోతుంటాయి. రెండో ఆదివారం నా సమయమంతా తిన్నది ఇలాంటి పసుపు వైరు ఒక్కటే. మీటర్ పెట్టి బీప్ వింటూ వైరుని మొన దగ్గర అటూ ఇటూ వంచండి. బీప్ తెగితే ఆ వైరుని కత్తిరించి పారేయండి. మళ్లీ డబ్బాలో వేస్తే వచ్చే నెల అదే మీ చేతికి వస్తుంది.

5. పుల్ అప్ అంటే ఏమిటో ఒకసారి ఆగి తెలుసుకోండి

బటన్ వదిలినప్పుడు పిన్ను దేనికీ కలిసి ఉండదు. అప్పుడు అది హైనా, లోనా? ఏదీ కాదు, ఊగుతుంటుంది. వేలు దగ్గరికి తెస్తే మారుతుంది, ఫ్యాన్ వేస్తే మారుతుంది. ఎవరూ నొక్కనప్పుడు ఉండాల్సిన స్థితిలో దాన్ని పట్టి ఉంచే రెసిస్టరే పుల్ అప్, లేదా పుల్ డౌన్. 3.3 వోల్టుల వైపు లాగితే పుల్ అప్. గ్రౌండ్ వైపు లాగితే పుల్ డౌన్.

చిప్పు లోపలే ఈ రెసిస్టర్లున్నాయి, విలువ సుమారు 50 కిలో ఓమ్‌లు. కాబట్టి దగ్గరలో ఉండే బటన్‌కి బయట రెసిస్టర్ అక్కర్లేదు. బటన్ ఒక కాలు పిన్నుకి, ఒక కాలు గ్రౌండుకి, ప్రోగ్రాంలో పుల్ అప్. మీకు నేను చెప్పే కూర్పు ఇదొక్కటే. ఇందులో 3.3 వోల్టుల వైరు బయటికే రాదు, కాబట్టి చేయి జారినా పవర్ షార్ట్ అయ్యే అవకాశం తక్కువ. ఇంకా జాగ్రత్త కావాలంటే పిన్నుకీ బటన్‌కీ మధ్య 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టండి. పొరపాటున ప్రోగ్రాంలో ఆ పిన్నుని అవుట్‌పుట్‌గా పెట్టినా 3.3 మిల్లీ ఆంపియర్లకి మించి పారదు, పిన్ను బతుకుతుంది.

ఈ కూర్పులో లెక్క తిరగబడి ఉంటుందని గుర్తుంచుకోండి. వదిలితే 1, నొక్కితే 0. "ఇఫ్" షరతులో 1 వస్తే నొక్కినట్టు అని రాశారేమో చూడండి. జీపీఐఓజీరోలోని బటన్ క్లాస్ మామూలుగా పుల్ అప్ తీసుకుని ఈ తిరకాసుని తనే సర్దుతుంది. అదే మీ బటన్ 3.3 వోల్టులకి కలిపి ఉంటే పుల్ అప్‌ని ఫాల్స్ చేయాలి. లేకపోతే వదిలినా, నొక్కినా పిన్ను హైలోనే ఉంటుంది.

బోర్డు ఆన్ అయినప్పుడు జీపీఐఓ 0 నుంచి 8 దాకా పిన్నులు పుల్ అప్‌తో, 9 నుంచి 27 దాకా పుల్ డౌన్‌తో మొదలవుతాయి. అందుకే ప్రోగ్రాం నడవకముందు మీటర్ పెట్టి జీపీఐఓ 17 దగ్గర సున్నా చూసి కంగారు పడక్కర్లేదు. జీపీఐఓ 2, 3 ప్రత్యేకం. వాటికి బోర్డు మీదే 1.8 కిలో ఓమ్‌ల పుల్ అప్ రెసిస్టర్లు అతికి ఉన్నాయి, వాటి మీద పుల్ డౌన్ పనిచేయదు. 14, 15 సీరియల్ పోర్టుకి, 7 నుంచి 11 దాకా ఎస్‌పీఐకి (డిస్‌ప్లేల లాంటివాటితో మాట్లాడే లైన్లకి) వాడుతుంటారు. డిస్‌ప్లే లాంటిది తగిలించి ఉంటే ఆ పిన్నుల మీద బటన్ పెట్టకండి. 17, 22, 27 లాంటివి బటన్లకి హాయి.

6. ఇప్పుడు ప్రోగ్రాం

బటన్ తిరిగి పెట్టి, బోర్డు ఆన్ చేశాక పైన చెప్పిన సెట్ కమాండు మళ్లీ ఇచ్చి, పిన్‌కంట్రోల్ పోల్‌లో నొక్కిన ప్రతిసారీ మార్పు కనిపిస్తోంటేనే ఈ మెట్టుకి రండి.

మీ బోర్డు రాస్ప్‌బెర్రీ పై 5 అయితే పాత ఆర్‌పీఐ జీపీఐఓ లైబ్రరీ దాని మీద నడవదు. 2023లో వచ్చిన ఈ బోర్డులో జీపీఐఓ పిన్నుల్ని ఆర్‌పీ1 అనే విడి చిప్పు చూసుకుంటుంది. పాత లైబ్రరీ ప్రధాన చిప్పు రిజిస్టర్లనే నేరుగా తడుముతుంది కాబట్టి దానికి పిన్నులే కనపడవు. పాత బోర్డే అయినా కొత్త ఓఎస్ వేసుకుంటే ఎడ్జ్ డిటెక్షన్ (సిగ్నల్ మారిన క్షణాన్ని పట్టుకోవడం) పెట్టలేకపోయానని ఎర్రర్ రావొచ్చు. రెండింటికీ మందు ఒకటే. కొత్తగా రాసేవాళ్లు జీపీఐఓజీరో వాడండి. పాత ప్రోగ్రాం మార్చలేమనుకుంటే పాత లైబ్రరీ తీసేసి, దాని స్థానంలో ఆర్‌పీఐ ఎల్‌జీపీఐఓ అనే ప్యాకేజీ పెట్టండి. ప్రోగ్రాం చాలావరకు అలాగే నడుస్తుంది. రెండూ ఒకే పేరుతో ఇంపోర్ట్ అవుతాయి కాబట్టి రెండింటినీ ఒకేచోట ఉంచకూడదు.

వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో, అంటే ఒక ప్రోగ్రాంకి విడిగా పెట్టుకునే పైథాన్ గదిలో, నడిపితే జీపీఐఓజీరో వెనక వాడుకునే ఎల్‌జీపీఐఓ దొరకలేదు, వేరేదానికి మారుతున్నాను అని హెచ్చరిక వస్తుంటుంది. ఎన్విరాన్‌మెంట్ తయారుచేసేటప్పుడే సిస్టం ప్యాకేజీలు కూడా వాడుకోమని చెబితే అది పోతుంది.

జీపీఐఓ బిజీ అని వస్తే అదే పిన్నుని ఇంకో ప్రోగ్రాం పట్టుకుని ఉంది. ఎక్కువగా నిన్న మీరే నడిపి మరిచిపోయిన కాపీనో, బోర్డు ఆన్ అవగానే మొదలయ్యేలా పెట్టిన సర్వీసో అయి ఉంటుంది. దాన్ని ఆపండి.

ఎర్రర్ ఏదీ రాకుండా, మౌనంగా పనిచేయకపోవడానికి నేను ఎక్కువగా చూసే కారణాలు మూడు. బటన్ నొక్కినప్పుడు పిలవమని ఫంక్షన్ పేరు ఇచ్చేటప్పుడు చివర బ్రాకెట్లు పెట్టడం మొదటిది. బ్రాకెట్లు పెడితే ఆ ఫంక్షన్ అప్పుడే, ఆ లైను దగ్గరే ఒకసారి నడిచేస్తుంది, తర్వాత బటన్‌కి ఏమీ మిగలదు. ప్రోగ్రాం మొదలవగానే బెల్ ఒకసారి మోగి, ఆ తర్వాత నొక్కినా పలకకపోతే ఇదే. పేరు మాత్రమే ఇవ్వండి. రెండోది ప్రోగ్రాం చివర పాజ్ పెట్టకపోవడం. అది లేకపోతే లైన్లన్నీ అయిపోయి ప్రోగ్రాం ముగిసిపోతుంది, వినేవాళ్లే ఉండరు. మూడోది లూప్‌లో ఒక సెకను నిద్రపుచ్చి ఆ తర్వాత బటన్ చూడటం. వేలు పావు సెకనులో వచ్చి వెళ్లిపోతుంది, ప్రోగ్రాం నిద్ర లేచేసరికి ఎవరూ ఉండరు. లూప్‌లో చూడాలనుకుంటే 0.02 సెకన్ల నిద్ర చాలు.

మీ ఫైలుకి జీపీఐఓజీరో అనే పేరే పెట్టారేమో కూడా చూడండి. అలా పెడితే పైథాన్ అసలు లైబ్రరీని వదిలేసి మీ ఫైలునే తెచ్చుకుంటుంది.

7. ఒక నొక్కుకి నాలుగు లెక్కలు

బటన్ లోపలి రేకు కలిసేటప్పుడు ఒక్కసారిగా అతుక్కోదు. నేల మీద పడ్డ గోళీలా కొన్ని మిల్లీ సెకన్ల పాటు ఎగిరెగిరి ఆగుతుంది. మన వేలికి అది తెలియదు, చిప్పుకి మాత్రం ప్రతి ఎగురూ ఒక నొక్కే. దీన్నే బౌన్స్ అంటారు. ఇది బటన్‌లో లోపం కాదు, కొత్త బటన్ కూడా ఎగురుతుంది.

జీపీఐఓజీరోలో బటన్‌కి బౌన్స్ టైమ్ మామూలుగా ఏమీ ఉండదు, మీరే ఇవ్వాలి. 0.05 తో మొదలుపెట్టండి. ఇక్కడ జాగ్రత్త. జీపీఐఓజీరో ఈ విలువని సెకన్లలో తీసుకుంటుంది, పాత ఆర్‌పీఐ జీపీఐఓ మిల్లీ సెకన్లలో తీసుకునేది. పాత ప్రోగ్రాంలోని 200ని అలాగే కొత్తదానిలో అతికిస్తే అది 200 సెకన్లు, అంటే మూడు నిమిషాల పైమాట. బటన్ చచ్చిపోయినట్టే ఉంటుంది, వైర్లన్నీ విప్పి చూసినా కారణం దొరకదు.

మరీ ఎక్కువ పెట్టినా చిక్కే. అర సెకను పెడితే గబగబా రెండుసార్లు నొక్కేవాళ్ల రెండో నొక్కు పోతుంది. పెద్దవాళ్లు కంగారులో అలాగే నొక్కుతారు.

8. ఎవరూ నొక్కకుండానే మోగితే

నాన్నమ్మ గదికీ బోర్డుకీ మధ్య దాదాపు ఎనిమిది మీటర్ల దూరం. మొదట రెండు విడి వైర్లు గోడ వెంట, కరెంటు వైర్ల పైపు పక్కనే లాగేశాను. పగలు బాగానే ఉంది. రాత్రి ఎవరో ట్యూబ్‌లైటు ఆపారు, బెల్ మోగింది. మర్నాడు కూర్చుని లైటు వేసి ఆపి, వేసి ఆపి చూస్తే నాలుగైదుసార్లకి ఒకసారి మోగుతోంది. పాత చోక్ ఉన్న ట్యూబ్‌లైటు ఆపినప్పుడు కరెంటు వైరులో ఒక్క క్షణం పెద్ద కుదుపు వస్తుంది. పక్కనే ఉన్న మన వైరు యాంటెన్నాలా దాన్ని అందుకుంటుంది. లోపలి 50 కిలో ఓమ్‌ల పుల్ అప్ పట్టు అంత దూరానికి చాలదు.

నేను నాలుగు పనులు చేశాను. మీరూ ఇదే వరుసలో చేయండి, ఒక్కొక్కటి చేశాక లైటు పరీక్ష మళ్లీ పెట్టండి.

ముందు వైర్లు మార్చాను. విడి వైర్ల బదులు ఇంట్లో మిగిలిన ల్యాన్ కేబుల్ ముక్క వాడాను. అందులో వైర్లు జంటలుగా మెలితిప్పి ఉంటాయి. నారింజ రంగు ఒకటి సిగ్నల్‌కి, దానితో మెలిపడ్డ నారింజ తెలుపు గ్రౌండుకి. సిగ్నల్ ఒక జంటలో, గ్రౌండ్ ఇంకో జంటలో పెడితే మెలిక వల్ల వచ్చే మేలంతా పోతుంది. కరెంటు పైపుకి వీలైనంత దూరంగా లాగండి, దాటక తప్పకపోతే అడ్డంగా దాటించండి.

రెండోది, బోర్డు దగ్గర బయట 4.7 కిలో ఓమ్‌ల పుల్ అప్. ఒక కొస సిగ్నల్ వైరుకి, రెండో కొస 1వ పిన్నుకి, అంటే 3.3 వోల్టులకి. పొరపాటున కూడా 5 వోల్టులకి వద్దు. పట్టు లోపలి రెసిస్టర్ కన్నా దాదాపు పది రెట్లు పెరుగుతుంది. నొక్కినప్పుడు 0.7 మిల్లీ ఆంపియర్లు పారతాయి, దాంతో రేకు మీద పట్టిన పలచని మాసు కూడా అడ్డం రాదు.

మూడోది, సిగ్నల్‌కీ గ్రౌండుకీ మధ్య 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్. దుకాణంలో 104 అని అడిగితే ఇస్తారు, దాని మీద రాసేది అదే. బోర్డు పక్కనే పెట్టండి, బటన్ దగ్గర కాదు. క్షణంలో వచ్చి పోయే కుదుపుల్ని అది మింగేస్తుంది.

నాలుగోది ప్రోగ్రాంలో. నొక్కగానే కాకుండా, 0.1 సెకను పాటు నొక్కి ఉంచితేనే బెల్ మోగేలా మార్చాను. జీపీఐఓజీరోలో హోల్డ్ టైమ్ మామూలుగా ఒక సెకను ఉంటుంది, వణికే చేతికి అది చాలా ఎక్కువ. 0.1 పెడితే ఎంత మెల్లగా నొక్కినా తీసుకుంటుంది, కుదుపుకి మాత్రం మోసపోదు.

బటన్ విషయం కూడా చెప్పాలి. కిట్‌లో వచ్చిన చిన్న బటన్ నాన్నమ్మ వేలికి అందలేదు, చీకట్లో అసలు దొరకలేదు. గోడకి పెట్టే బెల్ పుష్ స్విచ్ తెచ్చి, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో బిగించి మంచం కోడుకి కట్టాను. మీరూ అలా చేస్తే ఆ డబ్బాలోకి గానీ, ఆ కేబుల్ వెళ్లే పైపులోకి గానీ ఇంటి 230 వోల్టుల వైరు ఏదీ రాకూడదు. పాత స్విచ్‌బోర్డులో ఖాళీ ఉంది కదా అని అందులో బిగించొద్దు.

అన్నీ అయ్యాక చివరి పరీక్ష. నొక్కిన ప్రతిసారీ ఒక అంకె పెరిగి స్క్రీన్ మీద కనిపించేలా ప్రోగ్రాంలో ఒక లైను చేర్చండి. ఇరవై సార్లు నొక్కండి, కొన్ని మెల్లగా, కొన్ని గట్టిగా, కొన్ని గబగబా. ఇరవై అని రావాలి. పంతొమ్మిది వస్తే వైరు, బటన్ మళ్లీ చూడండి, బౌన్స్ టైమ్, హోల్డ్ టైమ్ కొంచెం తగ్గించి చూడండి. ఇరవై ఒకటి వస్తే బౌన్స్ టైమ్ కొంచెం పెంచండి. తర్వాత ఆ గదిలో లైటు, ఫ్యాన్ పదిసార్లు వేసి ఆపండి, అంకె కదలకూడదు. ప్రోగ్రాంని ఒక రాత్రంతా అలాగే వదిలేసి పొద్దున్నే అంకె చూడండి. మా ఇంట్లో ఆ పొద్దున రెండు కనిపించింది. నాన్నమ్మని అడిగితే రాత్రి రెండుసార్లు నొక్కానంది.